గేటు బయటి లెక్క కూడా నేర్చుకోండి

వడ్లు కల్లాల నుంచి కదిలే సీజన్లో వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల గోదాముల ముందు లారీలు బారులు తీరతాయి. గద్వాల వైపు పత్తి విత్తనాల బస్తాలు హైదరాబాద్ దారి పడతాయి. వచ్చిన సరుకు దింపించి, కాంటా వేయించి, లాట్లుగా పేర్పించి లెక్క అప్పజెప్పేది గోదాము సూపర్‌వైజర్. ఈ పనిలో ఆరితేరిన వాళ్లు కూడా ఏళ్ల తరబడి అదే కుర్చీలో ఉండిపోతున్నారు. పని రాక కాదు, వాళ్ల లెక్క గేటు దగ్గరే ఆగిపోవడం వల్ల.

సూపర్‌వైజర్‌ను ఎన్ని బస్తాలు వచ్చాయని అడుగుతారు. లాజిస్టిక్స్ మేనేజర్‌నైతే క్వింటాలు చేరడానికి ఎంత ఖర్చయింది, ఎందుకు ఆలస్యమైంది, తరుగు ఎక్కడ వచ్చిందని అడుగుతారు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం ఇప్పుడున్న ఉద్యోగంలోనే నేర్చుకోవచ్చు.

ఖర్చు

లారీ కిరాయి 20 వేలు అనుకుందాం. 250 క్వింటాళ్లు ఎత్తితే క్వింటాలుకు 80 రూపాయలు పడుతుంది. అదే లారీ 200 క్వింటాళ్లతో వెళ్తే 100 అవుతుంది. దీనికి హమాలీ, కాంటా, గోనె సంచుల ఖర్చు కలపండి. నెలాఖరుకు ఈ లెక్క ఒక్క కాగితం మీద యజమాని ముందు పెట్టండి. ఎవరూ అడగకముందే పెట్టండి.

ఆలస్యం

ప్రతి లారీకి నాలుగు సమయాలు రాయండి: గేటుకు వచ్చింది ఎప్పుడు, కాంటా ఎక్కింది ఎప్పుడు, దింపడం మొదలైంది ఎప్పుడు, తిరిగి వెళ్లింది ఎప్పుడు. ఒక నెల రాస్తే జాప్యం ఎక్కడో తెలిసిపోతుంది. కాంటా దగ్గరైతే లారీలకు టైము కేటాయించాలి. హమాలీలు చాలకపోతే ముఠాతో ముందే మాట్లాడుకోవాలి. హమాలీలకు నీడ, తాగునీరు, సమయానికి కూలి అందేలా చూడడం కూడా మేనేజర్ పనే. వాళ్ల నమ్మకం లేకుండా ఏ గోదామూ సజావుగా నడవదు.

తరుగు

కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు తేమ పరిమితి 17 శాతం. నిల్వలో తేమ ఆరితే తూకం తగ్గుతుంది. అది సహజమైన తరుగు. సంచి చిరిగి కారినది, ఎలుకలు తిన్నది, దారిలో పోయినది వేరు. దించినప్పుడూ ఎత్తినప్పుడూ తేమ రాసుకుంటేనే వీటిని విడదీయగలరు. మిల్లర్లు క్వింటాలు వడ్లకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ప్రభుత్వానికి అప్పగించాలి. అందుకే ఈ జిల్లాల్లో ప్రతి కిలోకూ జవాబు చెప్పాలి. విత్తనాలకు గడువు ఉంటుంది కాబట్టి లాట్ నంబరు చూసి, గడువు ముందు తీరేవి ముందు పంపాలి.

కాగితాలు, కంప్యూటర్

ఇన్‌వాయిస్, లారీ రసీదు, ఈ-వే బిల్లు మీ చేతుల మీదుగా తయారవ్వాలి. 50 వేల రూపాయలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు కావాలి. వడ్ల వంటి పన్ను లేని సరుకులకు మినహాయింపు ఉంది. మామూలు సరుకుకు ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. దారిలో లారీ చెడిపోతే గడువు ఎలా పొడిగించాలో తెలిసినవాడే జరిమానా తప్పించగలడు. గోదాముల నియంత్రణ సంస్థ డబ్ల్యూడీఆర్‌ఏలో నమోదైన గోదాములు ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదుపై బ్యాంకులు రుణం ఇస్తాయి. ఆ పద్ధతి తెలుసుకోండి. ఎక్సెల్ బాగా వస్తే గోదాము సాఫ్ట్‌వేర్ ఏదైనా త్వరగా పట్టుబడుతుంది.

చదువు

డిగ్రీ లేకపోతే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పని చేస్తూనే పూర్తి చేయవచ్చు. డిగ్రీ ఉన్నవాళ్లకు ఇగ్నో ఎంబీఏలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ ఉంది. సరఫరా గొలుసుపై ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా వినవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. హిందీలో లారీ డ్రైవర్‌తో, ఇంగ్లీషులో ఈమెయిలుతో పని జరిపించేంత భాష చాలు.

ఎటు వెళ్లాలి

2017లో జీఎస్టీ వచ్చాక కంపెనీలకు పన్ను కోసం రాష్ట్రానికో చిన్న డిపో పెట్టుకునే అవసరం తగ్గింది. పెద్ద గోదాములకు గిరాకీ పెరిగింది. పెబ్బేరు, కొత్తకోట మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారి మీదే జడ్చర్ల, షాద్‌నగర్, కొత్తూరు, శంషాబాద్ ఉన్నాయి. అక్కడ మందులు, వినియోగ వస్తువులు, ఆన్‌లైన్ అమ్మకాల సరుకు నిల్వ చేసే గోదాములు ఉన్నాయి. నేరుగా మేనేజర్ పోస్టు కోసం చూడకండి. డిస్పాచ్, ఇన్వెంటరీ, రవాణా సమన్వయం, ఇవే మధ్యలో మెట్లు.

బయోడేటాలో ‘గోదాము చూసుకున్నాను’ అని రాస్తే చాలదు. రోజుకు ఎన్ని లారీలు, ఎంత సరుకు, లారీ ఆగే సమయం ఎంత తగ్గించారు, తరుగు ఎంత తగ్గింది అన్నవి రాయండి. రిజిస్టర్లో ఉన్న అంకెలే రాయండి. ఇంటర్వ్యూలో వాటి మీదే ప్రశ్నలు వస్తాయి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

వచ్చే సీజన్ దాకా ఆగకండి. ఈ నెలలోనే మీ యజమానిని కలిసి డిస్పాచ్ బాధ్యత అడిగి తీసుకోండి. సూపర్‌వైజర్ జీతంతోనే మేనేజర్ పని నేర్చుకునే అవకాశం అది.