బాటయు పట్టాలును

రోలుగుంటకు రైలుమార్గము లేదు. ఇచ్చటివారు రైలెక్కవలెనన్న బస్సులో నర్సీపట్నం రోడ్డు స్టేషనునకో, అనకాపల్లికో పోవలెను. (ఆ స్టేషను పేరులో నర్సీపట్నము కలదు గాని, ఊరు మాత్రము చాల దూరమున నున్నది.) బస్సు, రైలు ఇట్లు ఒకదానికొకటి తోడు. కాని బాటయు పట్టాలును ఒకే మట్టమున కలిసినచోట అవి యొకదానికొకటి అడ్డమగును.

గంటకు నూరు కిలోమీటర్ల వేగముతో వచ్చు రైలు, బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు సుమారొక కిలోమీటరు పట్టును. రైలు డ్రైవరు బస్సును కన్నులార చూచినను చేయగలిగినది స్వల్పము. కావున ఆగవలసినది బస్సే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 131వ సెక్షను ప్రకారము, కాపలాలేని క్రాసింగువద్ద డ్రైవరు బండి నాపవలెను. కండక్టరో, క్లీనరో, మరియొకరో నడచిపోయి, ఇరువైపుల రైలు రాకుండుట చూచి, బండిని దాటింపవలెను. ఎవరును లేనిచో డ్రైవరే దిగి చూడవలెను.

2014 జూలై 24వ తేదీన మెదక్ జిల్లా మాసాయిపేటవద్ద, కాపలాలేని అట్టి క్రాసింగును దాటుచున్న పాఠశాల బస్సును నాందేడ్–సికింద్రాబాదు ప్యాసింజరు రైలు ఢీకొనెను. పదిమందికి పైగా బాలబాలికలు మరణించిరి. వారిలో మీకంటె చిన్నవారును కలరు. దేశమందలి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని క్రాసింగులు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. కొన్నిచోట్ల కాపలాదారుల నియమించిరి; కొన్నిచోట్ల పట్టాలక్రింద దారి త్రవ్విరి; కొన్నిటిని మూసివైచిరి.

కాపలా యున్నచోట ప్రాణభయము తగ్గును గాని, కాలనష్టము తగ్గదు. పెక్కుచోట్ల గేటునకును సిగ్నలునకును లంకె యుండును. గేటు మూయనిదే రైలునకు దారి యీయబడదు. బండ్ల రద్దీచే గేటు పడకున్న రైలు నిలుచును. పడినచో బస్సు నిలుచును. అచ్చట పదినిమిషములు పోగొట్టుకొన్న బస్సు తరువాతి స్టేజీలన్నిటను ఆలస్యమే.

వంతెన యెచ్చట కట్టవలెనో నిర్ణయించుటకు రైల్వేవారు రైళ్ళ సంఖ్యను బండ్ల లెక్కతో గుణించుచు వచ్చిరి. లబ్ధము లక్ష చేరవలెను. అందు నలుబదిమంది యెక్కిన బస్సును ఒకటే, ఒక్కడు కూర్చున్న కారును ఒకటే, ఎడ్లబండియు ఒకటే. ఈ లెక్క నాకు సరియైనదిగా తోచదు.

వంతెన కట్టినను పని ముగియదు. క్రిందిదారి యైనచో వానకు నీరు నిలుచును. పైవంతెన యైనచో విద్యుత్తు తీగలకు మీదుగా పోవలెను గనుక ఎత్తు హెచ్చును, వాలు దూరము సాగును. గేటువద్ద ఆగుచుండిన బస్సు వంతెన యెక్కి, స్టేషనును దాటి ఎచ్చటనో దిగును. వంతెనకు మెట్లును, చేరువలో బస్సు ఆగుచోటును ఏర్పరుపనిచో, మూట నెత్తినబెట్టుకొన్న అవ్వ మరల ఆ పాతగేటు చోటనే పట్టాలు దాటును.