నూనె కుండ పాఠం: అనుకోకుండా రెండోసారి తల్లి కాబోతున్న సహోదరికి



ధ్యాన వాక్యభాగం: 2 రాజులు 4:1-7

ఈ వారం వీడియోలో ప్రవక్త శిష్యుని భార్య, ఆమె నూనె కుండ గురించి ధ్యానించాము. సమయం చాలక అక్కడ చెప్పలేకపోయిన విషయాలు ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా ఉద్యోగం చేసుకుంటూ, మొదటి బిడ్డ ఇంకా ఎల్‌కేజీ కూడా దాటకముందే, అనుకోకుండా రెండోసారి గర్భవతి అయిన చెల్లెళ్ళ కోసం ఈ పాఠం.

ఇలాంటి చెల్లెళ్ళు ప్రార్థన కోసం నా దగ్గరకు వస్తుంటారు. "అక్కా, బిడ్డ దేవుని వరమే, కాదనను. కానీ లెక్క కుదరట్లేదు" అంటారు. వాళ్ళకి మనం వెంటనే 127వ కీర్తన చూపించి పంపేస్తాము. వాక్యం సత్యమే. కానీ ఆ వాక్యంతో ఆమె నోరు మూయించేస్తే, రాత్రి రెండింటికి లేచి కూర్చుని అద్దె, ఫీజు, కిస్తీ కూడుకునే ఆ తల్లికి మనం చేసిన సహాయం ఏముంది? ఎలీషా ఏం చేశాడో చూడండి.

1. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది

భర్త చనిపోయాడు. భక్తి గలవాడే, అయినా అప్పు మిగిలింది. అప్పులవాడు ఇద్దరు పిల్లల్ని దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె దాన్ని దాచలేదు, దైవజనుని దగ్గరకు వెళ్ళి మొరపెట్టింది. ఎలీషా కూడా ఆమెకు విశ్వాసం లేదని గద్దించలేదు. డబ్బు గురించి దిగులు పడటం అవిశ్వాసం కాదమ్మా.

ఇక్కడ మన చెల్లెళ్ళు చాలామంది వెనకడుగు వేస్తారు. అత్తగారు ఏమంటారో, ఆఫీసులో ఏమనుకుంటారో అని నాలుగో నెల, ఐదో నెల దాకా చెప్పరు. తొలికాన్పు అంటే పుట్టింటివాళ్ళు చేస్తారు. రెండోదానికి ఎవరి వంతో తేలదు, ఆ మాట ఎత్తితే గొడవ అవుతుందని ఊరుకుంటారు. కానీ చెప్పకుండా గడిచిన ప్రతి నెలా, కూడబెట్టుకోగలిగిన ఒక నెల పోతుంది. ముందు భర్తతో, తర్వాత రెండు వైపులా పెద్దలతో, నెలలు ఉండగానే మాట్లాడండి.

2. ప్రవక్త ఇంట్లో ఏముందని అడిగాడు

అద్భుతం చేయగలవాడు, ముందు లెక్క అడిగాడు! నూనె కుండ ఒక్కటి తప్ప ఏమీ లేదంది ఆమె. "ఏమీ లేదు" అన్న మాటలోనే ఒక కుండ ఉంది, గమనించారా? లెక్క చూసుకుంటే తప్ప ఆ కుండ కనబడదు.

ఉదాహరణకి ఒక ఇల్లు తీసుకుందాం. భర్తకి 30,000, భార్యకి 20,000, మొత్తం 50,000. అద్దె 11,000. పెద్దబిడ్డ స్కూలు, వ్యాను 4,000. బండి కిస్తీ 3,500. తాకట్టు పెట్టిన గాజుల వడ్డీ 1,500. చీటీ 5,000. సరుకులు, గ్యాసు, కరెంటు, ఫోన్లు 14,000. రాకపోకలు 3,000. అత్తగారి మందులకు 3,000. దశమభాగం 5,000. కూడండి, సరిగ్గా 50,000. చేతిలో రూపాయి మిగలదు. అందుకే "ఏమీ లేదక్కా" అంటారు.

కానీ ఆ చెల్లి దగ్గర ఒక కుండ ఉంది. అది ఆమె ఉద్యోగమే. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణతో జీతంతో కూడిన సెలవు 26 వారాలు అయింది. రెండో బిడ్డకి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. అప్పటికే ఇద్దరు బిడ్డలుండి మళ్ళీ కాన్పు అయితేనే 12 వారాలకు తగ్గుతుంది. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు అక్కడ పనిచేసి ఉండాలి. 26 వారాల్లో 8 వారాల వరకు కాన్పుకి ముందే వాడుకోవచ్చు. ఆ సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

జీతం నెలకు 21,000 లోపు ఉండి, ఈఎస్ఐ కోత పడుతుంటే, ఆ డబ్బు యజమాని కాదు, ఈఎస్ఐ ఇస్తుంది. దానికి ముందరి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉండాలి. ఈఎస్ఐ ఆసుపత్రిలో కాన్పు ఖర్చు కూడా ఉండదు. మన ఉదాహరణలోని చెల్లి ఈ కోవలోకే వస్తుంది. అయితే ఆ డబ్బు జీతంలాగా ఒకటో తారీఖునే పడకపోవచ్చు. కాబట్టి కనీసం ఒక నెల ఇంటిఖర్చు ముందుగా పక్కన పెట్టుకోవాలి. సెలవు సంగతి ఆఫీసులో నోటిమాటగా వదిలేయకండి. కాగితం మీద గానీ మెయిల్‌లో గానీ పెట్టి, ఒక కాపీ దాచుకోండి.

ఆఫీసు తరఫున ఆరోగ్య బీమా ఉంటే కాన్పుకి ఎంతవరకు ఇస్తారో ఇప్పుడే అడగండి. గర్భం వచ్చాక కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే ఈ కాన్పు ఖర్చు అందులో రాదు. కాన్పు ఖర్చు ఇచ్చే పాలసీలకు కూడా ముందు కొంతకాలం ఆగాలనే షరతు ఉంటుంది.

ఇళ్ళల్లో పనికి, కూలికి వెళ్ళే సహోదరికి ఈ సెలవు దొరకదు. ఆమెకూ కుండ ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, అవసరమైతే ఆపరేషన్, మందులు, భోజనం, రానుపోను బండి అన్నీ 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం. అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే గర్భిణికీ పాలిచ్చే తల్లికీ పోషకాహారం ఇస్తారు. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో, అర్హత ఉంటే, రెండో బిడ్డ ఆడపిల్ల అయినప్పుడు 6,000 రూపాయలు వస్తాయి. అంగన్‌వాడీ టీచర్ని గానీ ఆశా వర్కర్ని గానీ అడగండి.

3. ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు

ఇరుగుపొరుగు వాళ్ళందరి దగ్గర అడగమన్నాడు, కొంచెం కాదు, ఎక్కువే తెమ్మన్నాడు. ఆమెకి అది ఎంత నామోషీగా అనిపించి ఉంటుందో! అయినా వెళ్ళింది. పాత్రలు ఉన్నంతసేపే నూనె వచ్చింది.

మీరూ అడగండి. ఉయ్యాల, స్వెట్టర్లు, దోమతెర, చిన్నబట్టలు సంఘంలో ఎన్ని ఇళ్ళల్లో అటక మీద ఊరికే ఉన్నాయో! పెద్దబిడ్డవి ఉంటే అవీ దించండి. బిడ్డని చూడటానికి వచ్చేవాళ్ళు ఏం తేవాలని అడిగితే మొహమాటపడకుండా అవసరమైనది చెప్పండి. సంఘ సహోదరీలకు నా మనవి: ఫ్రాకు మీద ఫ్రాకు పెట్టే బదులు ఒక వారం వంట చేసి పంపండి, పెద్దబిడ్డని వ్యాను ఎక్కించండి. బాలింతకి అది వెయ్యి రూపాయల కవరు కన్నా ఎక్కువ.

4. తలుపు వేసుకోమన్నాడు

పాత్రలు అడిగేటప్పుడు వీధిలోకి వెళ్ళాలి, నూనె పోసేటప్పుడు తలుపు వేసుకోవాలి. "ఇంత దగ్గర దగ్గరలోనా?", "కాస్త చూసుకోవాల్సింది కదా" అనే మాటలకు తలుపు వేసేయండి. ఐదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే ఫోన్ యాప్‌లకు రెండు గడియలు పెట్టండి. లోపల భార్యాభర్తలు కూర్చుని, నోటుపుస్తకంలో లెక్క రాసుకుని, ప్రార్థించుకోండి. ఆ ఇంట్లో పిల్లలు పాత్రలు అందించారు, తల్లి పోసింది, గుర్తుందా? ఇది ఒక్కరి పని కాదు. సహోదరులారా, ఈ లెక్క మీది కూడా!

5. నూనె అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రతకమన్నాడు

ఆ వరస చూడండి. ముందు అప్పు, తర్వాత బ్రతుకు. కార్డు బాకీ, చేబదులు లాంటి ఎక్కువ వడ్డీవి ముందు తీర్చండి, గాజుల సంగతి తర్వాత. చీటీ మొదటి నెలల్లోనే పాడేస్తే తగ్గింపు ఎక్కువ పోతుంది, వీలైతే కాన్పు నెలకి దగ్గరగా పాడుకోండి. కాన్పు అయ్యేదాకా కొత్త కిస్తీ ఏదీ వద్దు. మళ్ళీ పనిలో చేరాక బిడ్డని ఎవరు చూస్తారు, దానికి నెలకు ఎంత అవుతుంది అనేది సెలవు పెట్టకముందే తేల్చుకోండి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని చట్టంలో ఉంది, అడగండి.

ఇక అడగడానికి చెల్లెళ్ళు భయపడే ప్రశ్న: "అక్కా, ఈ కొన్ని నెలలు దశమభాగం తగ్గితే శాపమా?" దేవునికి ఇస్తున్నామనే పేరుతో కన్నవాళ్ళని పోషించడం మానేసినవాళ్ళని మార్కు 7వ అధ్యాయంలో ప్రభువే గద్దించాడు. సొంత ఇంటివారిని పోషించాలని 1 తిమోతి 5:8 నేర్పుతోంది. ఉన్నదానిలో సంతోషంగా ఇవ్వగలిగింది ఇవ్వండి. గర్భిణి పాలు, గుడ్డు మానేసి ఇమ్మని దేవుడు అడగడు. ఈ కథలో పిల్లల కోసం గుమ్మంలోకి వచ్చినవాడు అప్పులవాడు. దేవుడు ఆ పిల్లల్ని విడిపించినవాడు.

ఈ వారం చేయవలసినవి

2 రాజులు 4:1-7 భార్యాభర్తలు కలిసి చదవండి. ఒక కాగితం మీద వచ్చేది, పోయేది, ఇంట్లో ఉన్నది రాయండి. ఎవరిని ఏ పాత్ర అడగాలో కనీసం మూడు పేర్లు రాసి, ఆదివారం లోపు ఒకరినైనా అడగండి.

ప్రార్థన

పరిశుద్ధుడవైన తండ్రీ, మేము అనుకోని బిడ్డ నీకు తెలియని బిడ్డ కాదు. భయపడుతున్న ఈ తల్లికి నిజం చెప్పే ధైర్యం, సహాయం అడిగే వినయం ఇవ్వు. ఆమె భర్తకి బరువు మోసే మనసివ్వు. పాత్రలు ఇచ్చే పొరుగువాళ్ళుగా మమ్మల్ని ఉంచు. ఇద్దరు బిడ్డలూ ఆమె ఇంట్లోనే పెరుగుదురు గాక. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.