పూత నిండుగా, కాయ సున్నా: డ్రాగన్ ఫ్రూట్ మొక్కలు కొన్న రైతు హక్కులు

డ్రాగన్ ఫ్రూట్ పువ్వు సాయంత్రం విచ్చుకుని, మర్నాడు పొద్దెక్కేసరికి వాడిపోతుంది. పుప్పొడి కీలాగ్రాన్ని చేరడానికి ఉన్నది ఆ ఒక్క రాత్రే. తెల్ల గుజ్జు రకాల్లో చాలావాటికి సొంత పుప్పొడి సరిపోతుంది. ఎర్ర గుజ్జు రకాల్లో చాలావాటికి అది పనికిరాదు. మరో రకం పుప్పొడి పడకపోతే పువ్వు రాలిపోతుంది. పక్క మొక్కది పడినా లాభం లేదు. ఒకే తల్లి మొక్క కొమ్మలతో వేసిన తోటలో వెయ్యి మొక్కలున్నా, జన్యుపరంగా అవన్నీ ఒకటే.

ఇది మొక్క స్వభావమే గనుక దీన్నే లోపమంటూ కేసు వేస్తే నిలవదు. అమ్మేటప్పుడు ఏం చెప్పారన్నదే కీలకం. ‘తనంతట తనే కాస్తుంది’ అని చెప్పి అలా కాయని రకం అంటగడితే, సరుకు చెప్పిన వర్ణనకు తగ్గట్టు ఉండాలన్న 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ వర్తిస్తుంది. ఒకే రకంతో తోట వేస్తున్నట్టు ముందే చెప్పి, నర్సరీవారి అనుభవాన్ని నమ్మి కొంటే 16వ సెక్షన్ కూడా అక్కరకొస్తుంది. నోటిమాటకు సాక్ష్యం దొరకదు. రకం పేరు, ఇచ్చిన హామీ బిల్లు మీదే రాయించుకోవాలి. ‘ఎర్ర డ్రాగన్ మొక్కలు’ అని మాత్రమే ఉన్న బిల్లు దాదాపు చిత్తుకాగితమే.

ఇక వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, రైతు పంట అమ్ముకుంటాడు కాబట్టి వినియోగదారుడు కాడన్న వాదన పాతదే. జాతీయ విత్తనాల సంస్థ మీద ఆంధ్రప్రదేశ్ రైతులు గెలిచిన కేసులో, విత్తనాల విషయంలో సుప్రీంకోర్టు 2012లోనే దాన్ని తోసిపుచ్చింది. విత్తనమంతా చల్లేసిన రైతును నమూనా తెమ్మనడం కుదరదనీ చెప్పింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రైతు తాను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ వింటుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు. గడువు వివాదం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లు. అది కొన్ననాడే మొదలైందని నర్సరీ వాదించే వీలుంది కనుక తొలి పూతలోనే కదలడం మంచిది. సలహాకు వినియోగదారుల సహాయవాణి 1915 నంబరు ఉంది.

రుజువు తోటలోనే దొరుకుతుంది. నర్సరీకి నోటీసు ఇచ్చి, ఉద్యాన అధికారి సమక్షంలో రాత్రిపూట కొన్ని పువ్వులకు వేరే రకం పుప్పొడి అద్ది, గుర్తు కట్టి, మిగిలినవాటిని అలాగే వదిలేయాలి. అద్దినవి నిలిచి, వదిలినవి రాలితే ఆ తేడాను ఫొటోలతో సహా నివేదికలో రాయించుకోవాలి. కోపంతో తోట పీకేశాక ఈ పరీక్షకు వీలుండదు.