వానాక్రై: ప్యాచ్ వేయని రెండు నెలలు

2017 మే 12న విరుచుకుపడిన వానాక్రై రాన్సమ్‌వేర్ కొద్దిరోజుల్లోనే దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టేసింది. ఫైళ్లకు తాళం వేసి, విడిపించాలంటే బిట్‌కాయిన్లలో 300 డాలర్లు కట్టమంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటికీ ఈ బెడద తప్పలేదు. బాధ కలిగించే సంగతేమిటంటే, వానాక్రై వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది; చాలామంది దాన్ని వేసుకోలేదు. ఎవరూ ఏ లింకూ నొక్కకపోయినా నెట్‌వర్క్‌లో పక్క యంత్రాలకు పాకిపోయే 'వార్మ్' వానాక్రై. నెట్‌వర్క్‌కు తగిలించని బ్యాకప్ ఉన్నవారు తమ డేటాను తిరిగి తెచ్చుకోగలిగారు.

మన దేశంలో ఇలాంటి దాడులకు నోడల్ సంస్థ సెర్ట్-ఇన్ (ఐటీ చట్టం, సెక్షన్ 70బి). 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం దాడిని గుర్తించిన 6 గంటల్లో కంపెనీలు ఆ సంగతిని సెర్ట్-ఇన్‌కు తెలపాలి. తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను (కార్యకలాపాల నమోదులను) 180 రోజులు భద్రపరచాలి.