తీసుకో, కానీ పేరు చెప్పు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ వెబ్‌సైట్ చూశాన్రా. శ్రీముఖలింగం, శాలిహుండం, తేలినీలాపురం, విజయనగరం కోట అన్నీ ఒకచోట పెట్టాలనుకోవడం బాగుంది. శ్రీముఖలింగం పేజీ మాత్రం ఎక్కడో చదివినట్టనిపించి వెతికితే, తెలుగు వికీపీడియా వ్యాసమే పొల్లుపోకుండా ఉంది. కింద ‘సర్వహక్కులూ నావే’ అంటూ నీ పేరు! వ్యాసం తీసుకోవడం తప్పు కాదు. ఆ కింది వాక్యమే తప్పు.

వికీపీడియాలో రాసేవాళ్లు హక్కు వదులుకోరు. షరతులు పెట్టి అందరికీ అనుమతిస్తారు. ఆ షరతుల కాగితమే క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ లైసెన్సు. 2023 జూన్ నుంచి అందులో 4.0 వెర్షన్ నడుస్తోంది. నువ్వు చేయాల్సింది పేజీ అడుగున రెండు ముక్కలు రాయడమే: ఇది ఫలానా వికీపీడియా వ్యాసం నుంచి తీసుకున్నాను, ఇలా మార్చాను, లైసెన్సు ఇది. వ్యాసానికీ లైసెన్సుకీ లింకులివ్వు. రాసినవాళ్ల పేర్లు ఆ వ్యాసం ‘చరిత్ర’లో ఉంటాయి కాబట్టి లింకు చాలు. నువ్వు మార్చి రాసినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇతరులకు ఇవ్వాలి. ప్రకటనలు పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించుకున్నా అభ్యంతరం లేదు. విడిగా నువ్వు సొంతంగా రాసిన పేజీలు నీవే, వాటి జోలికి ఎవరూ రారు.

ఫొటోల సంగతి వేరు. ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు ఉంటుంది. బొమ్మ మీద నొక్కి, తీసినవాళ్ల పేరు, షరతు చూసుకో. సినిమా పోస్టర్లు, పుస్తకాల అట్టలు చాలావరకు ఆ వ్యాసం వరకే పరిమితంగా వాడుకున్నవి. వాటిని ముట్టుకోకు.

నీ సైట్‌లో రచయితల పేజీలు కూడా పెడితే ఇంకా జాగ్రత్త కావాలి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి 1909 నాటి ‘కన్యాశుల్కం’ మొత్తం పెట్టినా అడిగేవాళ్లు లేరు. ఈమధ్య అచ్చైన ప్రతిలోని ముందుమాటలు, వివరణలు మాత్రం వాటిని రాసినవాళ్లవి. చాసో 1994లో పోయారు, కాబట్టి ఆయన కథలకు 2054 చివరిదాకా హక్కుంటుంది. కారా మాస్టారు 2021లో పోయారు, ఆయనవాటికి 2081 దాకా. కథానిలయం వెబ్‌సైట్‌లో స్కాన్ చదవడానికి దొరికిందని కథ ఎత్తి నీ సైట్‌లో పెట్టేయకూడదు. ఆ కథల గురించి నీ మాటల్లో రాయి. నాకైతే అదే ఎక్కువ ఇష్టం.

వికీపీడియాలో ఉన్నదంతా నిజమనీ అనుకోకు. శాసనాల తేదీలు, రాజుల పేర్లు వ్యాసం అడుగున ఇచ్చిన పుస్తకాల్లో సరిచూసుకో. తప్పు కనిపిస్తే నీ సైట్‌లో దిద్దుకుని ఊరుకోకుండా అక్కడా దిద్దు.

4.0 లైసెన్సులో ఒక వెసులుబాటుంది. షరతు తప్పితే అనుమతి పోతుంది, కానీ తప్పు తెలిసిన 30 రోజుల్లోగా సరిచేస్తే దానంతటదే తిరిగొస్తుంది. ఈ ఉత్తరంతో నీకు తెలిసిపోయింది కాబట్టి లెక్క ఇవాళ మొదలైనట్టే.

శాలిహుండం కొండ మీద నువ్వు తీసిన ఫొటోలు చాలా బాగున్నాయి. వాటిలో కొన్నయినా నీ పేరుతో వికీమీడియా కామన్స్‌లో పెట్టు. రేపు ఇంకెవరైనా నీ పేరు చెప్పి వాడుకుంటారు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య,
విజయనగరం