ఆ పది అంకెలంటే భయం వద్దు

మీ దగ్గర మంచి సరుకుంది. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో కొనేవాళ్లూ ఉన్నారు. రేటు కుదిరింది. అన్నీ సిద్ధం. అయినా ఫారంలో ఒక చిన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోతుంది. పది అంకెల కమోడిటీ కోడ్ రాయాల్సిన గడి అది.

అక్కడ చాలామంది చేసే పని ఒక్కటే. సీహెచ్‌ఏకి (కస్టమ్స్ హౌస్ ఏజెంట్‌కి) ఫోన్ చేసి, "ఏదో ఒకటి వేసేయండి సార్" అంటారు.

ఈ మాట ఇవాల్టితో మానేయండి. సీహెచ్‌ఏ మీకు సాయం చేస్తాడు, తప్పకుండా తీసుకోండి. కానీ మీ సరుకు గురించి మీకు తెలిసినంత ఆయనకు తెలియదు. కోడ్ తప్పితే డబ్బు కట్టేదీ ఆయన కాదు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం డిక్లరేషన్ ఎవరి పేరున ఉందో, అందులోని వివరాలకు వాళ్లే బాధ్యులు. సరుకు అమ్ముడుపోయాక కూడా, మామూలుగా మూడేళ్ల దాకా వెనక్కి వెళ్లి తక్కువ కట్టిన సుంకాన్ని వసూలు చేసే అధికారం కస్టమ్స్‌కు ఉంది.

కాబట్టి ఈ పది అంకెలు మీవి. వాటిని చదవడం మీరు నేర్చుకోగలరు. మెమరీ పవర్ అక్కర్లేదు, లా డిగ్రీ అసలే అక్కర్లేదు. ఓపికగా చదివే అలవాటు చాలు.

ముందు అంకెలను విడగొట్టండి

పెద్ద నంబరు చూడగానే మెదడు మొరాయిస్తుంది. సహజం. అందుకే రెండేసి అంకెలుగా విడగొట్టి చదవండి. పోస్టల్ అడ్రస్ లాంటిదే ఇది: జిల్లా, మండలం, ఊరు, వీధి.

గుంటూరు కారప్పొడిని తీసుకుందాం.

- 09: ఇది చాప్టర్. కాఫీ, టీ, సుగంధ ద్రవ్యాలు.
- 0904: ఇది హెడింగ్. మిరియాలు, మిరప జాతి.
- 0904 22: ఇది సబ్‌హెడింగ్. దంచిన లేదా పొడి చేసిన మిరప.
- 0904 22 00: ఇక్కడికి ఎనిమిది అంకెలు. ఇది యూరప్ వాళ్ల సొంత జాబితా, పేరు కంబైన్డ్ నామెన్‌క్లేచర్.
- చివరి రెండు అంకెలు టారిక్‌వి, అంటే యూరోపియన్ యూనియన్ సుంకాల డేటాబేస్‌వి. యాంటీ డంపింగ్ సుంకాలు, కోటాలు, ప్రత్యేక తనిఖీలు ఇక్కడే బయటపడతాయి.

మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒక్కటే. ఇది హెచ్‌ఎస్, అంటే హార్మొనైజ్డ్ సిస్టమ్. బ్రస్సెల్స్‌లోని వరల్డ్ కస్టమ్స్ ఆర్గనైజేషన్ దీన్ని నడిపిస్తోంది. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 200కు పైగా దేశాలు, ప్రాంతాలు దీన్ని వాడుతున్నాయి.

ఇక్కడే చాలామంది తడబడతారు. మన ఐటీసీ-హెచ్‌ఎస్ కోడ్‌కు కూడా ఎనిమిది అంకెలే. కారప్పొడికి ఇండియాలో 0904 22 11. యూరప్‌లో 0904 22 00. ఆరు అంకెల దాకా రెండూ కలుస్తాయి, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లదే. మన షిప్పింగ్ బిల్లులోని ఎనిమిది అంకెలను యూరప్ బయ్యర్‌కు అలాగే పంపి "ఇదే వాడండి" అనకండి. ఆరు అంకెలు ఇచ్చి, మిగతా నాలుగు మీ ఇద్దరూ కలిసి తేల్చుకోండి.

ఇంకో మాట. యూరోపియన్ యూనియన్ 1968 జూలై 1 నుంచి కస్టమ్స్ యూనియన్. ఇప్పుడు 27 దేశాలు. బయటి నుంచి వచ్చే సరుకుకు సుంకం రేటు అన్నిచోట్లా ఒక్కటే. రోటర్‌డామ్‌లో దింపినా, హాంబర్గ్‌లో దింపినా తేడా లేదు. ఒకసారి కట్టి విడిపించుకుంటే సరుకు యూనియన్ అంతా తిరగొచ్చు. దేశాన్ని బట్టి మారేది ముఖ్యంగా వ్యాట్. సాధారణ రేటు లక్సెంబర్గ్‌లో 17 శాతం, జర్మనీలో 19, హంగరీలో 27. సుంకాన్ని, వ్యాట్‌ను కలిపేసి కంగారు పడకండి.

సరుకును కళ్లతో చూడటం నేర్చుకోండి

కోడ్ వెతకడానికి ముందు కంప్యూటర్ మూసేయండి. సరుకును చేతిలోకి తీసుకోండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది దేనితో తయారైంది? ఏ స్థితిలో ఉంది? దేనికి వాడతారు? ఎలా ప్యాక్ చేశారు?

రెండో ప్రశ్న దగ్గర ఆగండి. డబ్బంతా అక్కడే ఉంది.

ఎండుమిర్చిని కాయగా పంపితే యూరప్‌లో సాధారణ సుంకం సున్నా. అదే మిర్చిని మరలో వేసి పొడి చేస్తే 5 శాతం. చేను అదే, రైతు అదే. మారింది స్థితి మాత్రమే. 50,000 యూరోల సరుకు మీద అది 2,500 యూరోలు.

రొయ్య సంగతి ఇంకా ఆసక్తికరం. భీమవరం వైపు ఫ్యాక్టరీల నుంచి వెళ్లే ఫ్రోజెన్ వెనామీ చాప్టర్ 3లోకి వస్తుంది. సాధారణ సుంకం 12 శాతం. దాన్ని ఉడికించి పెంకు తీస్తే చాప్టర్ 16లోని 1605కి వెళ్తుంది, 20 శాతం. మరి ఉడికించి పెంకు అలాగే ఉంచితే? మళ్లీ చాప్టర్ 3లోనే ఉంటుంది! నీళ్లలో గానీ ఆవిరి మీద గానీ పెంకుతో ఉడికించిన రొయ్యను 0306 హెడింగే తనలో కలుపుకుంది. ఒక్క పెంకుతో చాప్టరే మారిపోతుంది. లక్ష యూరోల సరుకు మీద ఇది 8,000 యూరోల తేడా.

ఇవి సాధారణ రేట్లు. జీఎస్పీలో, అంటే అభివృద్ధి చెందుతున్న దేశాలకు యూరప్ ఇచ్చే సుంకం రాయితీలో, మన రొయ్యకు సుంకం తగ్గుతుంది. కానీ ఆరిజిన్ రుజువు ఉంటేనే. 6,000 యూరోలు దాటిన సరుకుకైతే ఎగుమతిదారు రెక్స్ (రిజిస్టర్డ్ ఎక్స్‌పోర్టర్) విధానంలో నమోదై ఉండాలి. కోడ్ ఒక్కటే సరిపోదు. కోడ్, ఆరిజిన్, విలువ... మూడూ కలిస్తేనే సుంకం తేలుతుంది.

పేరును నమ్మకండి, నోట్ చదవండి

నెట్‌లో సరుకు పేరు టైప్ చేసి, మొదట కనిపించిన కోడ్ కాపీ చేసుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. దీన్ని వదిలించుకుంటే మీరు సగం దారి దాటినట్టే.

వర్గీకరణకు ఆరు సాధారణ సూత్రాలున్నాయి. మొదటిదే అన్నిటికీ మూలం: హెడింగ్‌లో ఏం రాసి ఉందో, సెక్షన్ నోట్, చాప్టర్ నోట్ ఏం చెబుతున్నాయో వాటి ప్రకారమే వెళ్లాలి. మిగతావి దాని తర్వాతే. మూడో సూత్రం కూడా గుర్తుంచుకోండి. ఒక వస్తువుకు రెండు హెడింగ్‌లు పొసగేలా ఉంటే, ఎక్కువ స్పష్టంగా వర్ణించినది గెలుస్తుంది. తేలకపోతే ఆ వస్తువుకు అసలు గుణం ఇస్తున్నదేదో చూస్తారు. అప్పటికీ తేలకపోతే నంబర్ల వరసలో చివర ఉన్న హెడింగ్.

కారప్పొడిలో ఉప్పు, వెల్లుల్లి, జీలకర్ర కలిపి మన ఇళ్లలో చేసే కారం ఉంది కదా. అది ఇంకా 0904లోనే ఉంటుందా? చాప్టర్ 9 మొదటి నోట్ తెరవండి. ఒకే హెడింగ్‌లోని మసాలాలు కలిస్తే ఆ హెడింగ్‌లోనే ఉంటాయి. వేర్వేరు హెడింగ్‌లవి కలిస్తే 0910కి వెళ్తాయి. వేరే పదార్థాలు కలిసినా మసాలా అసలు గుణం నిలిస్తే ఫర్వాలేదు. ఆ గుణం పోయి మిక్స్‌డ్ సీజనింగ్‌గా మారితే 2103. అంటే మీ రెసిపీలో ఏది ఎన్ని శాతం ఉందో చెప్పలేకపోతే మీ కోడ్ ఏమిటో కూడా చెప్పలేరు. ప్రతి ఉత్పత్తికీ కాంపోజిషన్ షీట్ రాసి పెట్టుకోండి.

ఆవకాయ ఇంకా మంచి పాఠం. ఎవరినడిగినా "పచ్చడి కదా, 2001" అనేస్తారు. ఆ హెడింగ్ చదవండి: వెనిగర్‌తో లేదా ఎసిటిక్ యాసిడ్‌తో తయారైన, నిల్వ చేసిన కూరగాయలు, పండ్లు. మన అసలైన ఆవకాయలో మామిడికాయ, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె. వెనిగర్ ఎక్కడుంది? కొన్ని ఫ్యాక్టరీలు ఎసిటిక్ యాసిడ్ కలుపుతాయి, కొన్ని కలపవు. కలపని ఆవకాయకు 2008 వైపు, ముద్దలా రుబ్బిన సాస్ లాంటిదైతే 2103 వైపు చూడాలి. సీసా మీది లేబుల్ తిప్పి, ఇంగ్రీడియెంట్స్ చదివాకే మాట్లాడండి.

పెద్ద కంపెనీలకు కూడా ఇది తేలిక కాదు. ప్లేస్టేషన్ 2 కంప్యూటరా, వీడియో గేమా అన్నదాని మీద సోనీ యూరోపియన్ కమిషన్‌తో కోర్టుకెక్కింది. వీడియో గేమ్ అంటూ కమిషన్ 2001లో తెచ్చిన నిబంధనను కోర్టు 2003లో రద్దు చేసింది. కాబట్టి మీకు అనుమానం వచ్చిందంటే మీకు తెలివి తక్కువని కాదు. మీరు శ్రద్ధగా చూస్తున్నారని.

అనుమానాన్ని కాగితం మీద తేల్చుకోండి

"పక్కవాళ్లు ఇదే కోడ్ వాడుతున్నారు" అన్నది కస్టమ్స్ ముందు సాక్ష్యం కాదు. గట్టి సాక్ష్యం బైండింగ్ టారిఫ్ ఇన్ఫర్మేషన్, అంటే బీటీఐ. సరుకు వివరాలు, ఫొటోలు, కూర్పు ఇచ్చి ఒక సభ్యదేశపు కస్టమ్స్‌ను అడుగుతారు. దరఖాస్తు స్వీకరించాక నిర్ణయానికి మామూలుగా 120 రోజుల గడువు. ఆ నిర్ణయం 27 దేశాల్లోనూ మూడేళ్లు చెల్లుతుంది. అది మీ మీద కూడా బైండింగ్. నచ్చలేదని పక్కన పెట్టడం కుదరదు.

దరఖాస్తుకు ముందు, ఇతరులకిచ్చిన బీటీఐలను ఈబీటీఐ డేటాబేస్‌లో ఉచితంగా చదవండి. మీ సరుకు లాంటిదానికి ఏ కోడ్ ఇచ్చారు, ఎందుకిచ్చారు, రెండూ అక్కడ దొరుకుతాయి. ఇంతకంటే మంచి ట్యూషన్ లేదు.

రోజువారీ పనికి రెండు చాలు. యూరోపియన్ కమిషన్ వారి యాక్సెస్‌టుమార్కెట్స్ పోర్టల్‌లో సరుకు, ఎగుమతి దేశం, దిగుమతి దేశం ఇస్తే సుంకంతో పాటు నిబంధనలూ చూపిస్తుంది. టారిక్ డేటాబేస్‌లో పది అంకెల కోడ్ ఇచ్చి తేదీ పెట్టి చూడండి. తేదీ తప్పనిసరి.

పది అంకెలూ ఎందుకు చూడాలంటే, చివరి అంకెల వెనక దాగినవి గట్టిగా తగులుతాయి. యూరప్‌లో ఉన్న మన కుర్రాళ్లు చైనా నుంచి ఎలక్ట్రిక్ సైకిళ్లు తెప్పించి అమ్మాలనుకుంటారు. 8711 60 10 చూస్తారు. 6 శాతమే కదా అని ఆర్డర్ పెట్టేస్తారు. తయారీ కంపెనీని బట్టి యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలిపి 79.3 శాతం దాకా ఉన్నాయని సరుకు రేవులో దిగాక తెలుస్తుంది. అప్పటికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. మన మిర్చిదీ అలాంటి కథే. సుంకం సున్నా అని సంబరపడితే, ఆఫ్లటాక్సిన్ (బూజు విషం) కోసం సరిహద్దులో అదనపు తనిఖీలు ఉండొచ్చన్న విషయం మరిచిపోతాం.

ఇప్పుడు అలవాట్లు. వీటిని వాయిదా వేయకండి.

1. ప్రతి ఉత్పత్తికీ ఒక పేజీ రాయండి: కోడ్, ఎందుకు ఆ కోడ్, ఏ నోట్ చదివారు, ఏ తేదీన చూశారు.
2. ఇన్వాయిస్‌లో "ఫుడ్ ఐటమ్స్" అని రాయడం మానండి. "ఎండుమిర్చి, తొడిమ లేకుండా, కాయలు" అని రాయండి.
3. రెసిపీ మారినా, ప్యాకింగ్ మారినా కోడ్ మళ్లీ చూడండి.
4. ఏటా నవంబర్‌లో ఒక పూట కేటాయించండి. కొత్త కంబైన్డ్ నామెన్‌క్లేచర్ అక్టోబర్ 31 లోపు వస్తుంది, జనవరి 1 నుంచి అమలవుతుంది. 2028 జనవరి 1న హెచ్‌ఎస్సే మారుతోంది. ఆ ఏడాది మీ పేజీలన్నీ తిరగేయాల్సిందే.

ఈ రాత్రి పడుకునే ముందు మీ సరుకుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది ఒక్కటి ఎంచుకోండి. దాని చాప్టర్ నోట్ మొదటి పేరా చదవండి. మొదటి పేజీ రాయండి. రేపు మీ సీహెచ్‌ఏకి ఫోన్ చేసినప్పుడు, "నేను ఈ కోడ్ అనుకుంటున్నాను, కారణం ఇదీ, మీరేమంటారు?" అని అడగండి.