అడవిని నమ్ముకొన్న ఊరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పసిఫిక్ మహాసముద్ర తీరమున ఆరెగాన్ అను రాష్ట్రము కలదు. అందు కాస్కేడ్ పర్వతముల పడమటి వైపున, విల్లామెట్ నదియొక్క ఒక పాయ చెంత, ఓక్‌రిడ్జ్ అను చిన్న పట్టణమున్నది. 2020 జనాభా లెక్కల ప్రకారము అచటి జనసంఖ్య సుమారు 3,200. చుట్టును 16 లక్షల ఎకరములకు మించిన ప్రభుత్వారణ్యము వ్యాపించియున్నది. డగ్లస్ ఫర్ అను మహావృక్షములు అందు ఆకాశము నంటుచున్నట్లు కనిపించును.

ఆ వృక్షములే ఒకప్పుడు ఊరికి అన్నము పెట్టినవి. 1926లో పర్వతములను దాటు రైలుమార్గము పూర్తియయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము గృహనిర్మాణము పెరిగి కలపకు గిరాకి హెచ్చెను. బడి విడిచిన యువకులకు కోతమిల్లులోనో, అడవిలోనో మంచి కూలి దొరకుచుండెడిది.

అయితే చెట్టును కూల్చుట గడియలో పని; పెంచుట తరముల పని. శతాబ్దముల వయస్సుగల వృక్షములు తరిగిపోయెను. యంత్రములు వచ్చి కూలీల అవసరమును తగ్గించెను. 1980 తరువాత కలప వ్యాపారము మందగించెను. 1990లో ప్రభుత్వము, ముదురు అడవులలో నివసించు ఒక చుక్కల గుడ్లగూబను ముప్పు వాటిల్లిన జీవిగా ప్రకటించెను. మరుసటి ఏటి న్యాయస్థానపు ఉత్తరువుతో ప్రభుత్వారణ్యములలో నరకుట చాలవరకు ఆగిపోయెను. పని పోయినవారనేకులు ఆ పక్షిని నిందించిరి. గుడ్లగూబ ఇంటిపై వ్రాలిన అపశకునమని మన పల్లెలలో అందురు. వారికిని అది అట్లే తోచెను. కాని పొరుగున నున్న వెస్ట్‌ఫిర్ మిల్లు ఆ ప్రకటనకు ముందే మూతబడెను. క్రమముగా ఓక్‌రిడ్జ్ మిల్లును ఆగిపోయెను.

ఇక ఊరికి మిగిలినది అడవియే. పూర్వము మూలవాసులును, అటవీ రక్షకులును నడచిన కాలిబాటలు అందు వందల మైళ్ళ పొడవున నుండెను. కొండ సైకిళ్ళ సవారికి అవి తగియున్నవని తెలిసి దూరప్రాంతముల వారు రాసాగిరి. స్వచ్ఛందముగా వచ్చిన వారు కూలిన చెట్లను తొలగించి, వానకు కోసుకొనిపోయిన బాటలను సరిచేయుచున్నారు. సమీపముననే 286 అడుగుల ఎత్తునుండి దుముకు సాల్ట్ క్రీక్ జలపాతమును, అతి స్వచ్ఛమైన వాల్డో సరస్సును కలవు. యాత్రికుల రాకతో బసలకును, భోజనశాలలకును, సైకిలు దుకాణములకును ఆదరువు లభించెను.

ఇంతటితో కష్టములు తీరినవని తలపరాదు. మిల్లు ఏడాది పొడవునను కూలి నిచ్చెడిది. యాత్రికులు మంచి ఋతువులలోనే హెచ్చుగా వత్తురు. 2022 ఆగస్టు 1న పిడుగుపాటుచే పుట్టిన కార్చిచ్చు లక్ష ఎకరములకు పైగా దహించెను. సెప్టెంబరులో ఊరివారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. అగ్నిమాపక దళముల కృషివలన ఊరు నిలిచెను. వారు తిరిగి వచ్చిరి.

నాడు కూలిన చెట్టు ఆ ఊరిని పోషించెను. నేడు నిలిచిన చెట్టు పోషించుచున్నది. కాని నిలిచిన చెట్టును ఊరక పోషింపదు. బాటను బాగుచేయు చేతులును, చిచ్చును కనిపెట్టియుండు కన్నులును దానికి కావలెను. అడవిని నమ్ముకొన్నవారు అడవికి కాపరులు కూడ కావలసియుందురు.